లంఘనం పరమౌషధమేనా? – శంభునాథ్ డే నేర్పిన పాఠం

గత వేసవిలో ఒక గృహిణి నుండి నాకొక ఉత్తరం వచ్చినది. ఆమె మూడేళ్ళ కుమారునికి వాంతులు, విరేచనాలు పట్టుకొన్నవి. "నీళ్ళు పోస్తే విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి, కడుపు కట్టేదాకా చుక్క నీరు ఇవ్వవద్దు" అని అత్తగారు అన్నారట. "చెంచాతో ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు పోస్తూనే ఉండండి, ఆపవద్దు" అని వీధి చివర ఉండే నర్సు చెప్పినదట. ఆమె నర్సు మాట విన్నది. బిడ్డ క్షేమంగా బయటపడినాడు. అయినను ఆమెకు సందేహం తీరలేదు. "లంఘనం పరమౌషధం అని మన పెద్దలు చెప్పినారు గదా! ఆయుర్వేదం ప్రకారం వీరిద్దరిలో ఎవరి మాట సరియైనది?" అని నన్ను అడిగినది.

నర్సు మాటే సరియైనదని ఆమెకు వెంటనే జాబు వ్రాసినాను. కాని ఆ జాబుతో నా మనస్సు కుదుటపడలేదు. ఆమె అడిగిన ప్రశ్న మా ఇంటిలో ఒకనాడు పుట్టి, జవాబు లేకుండానే ముగిసిన ప్రశ్న. దానికి జవాబు చెప్పిన మహనీయుడు మన దేశంలోనే పుట్టినాడు, మన దేశంలోనే పనిచేసినాడు. ఆయన పేరు మాత్రం మనలో నూటికొక్కరికైనా తెలియదు. అందుచేత ఈ మాసం చిట్కాలను కొంచెం ప్రక్కకు పెట్టి, ఆయనను గూర్చియు, ఆయన వలన మన గృహవైద్యం నేర్వవలసినదానిని గూర్చియు నాలుగు మాటలు మనవి చేయదలచినాను.

మా ఇంటి కథ

మాది వైద్యుల కుటుంబం. మా తాతగారు గోదావరి ప్రాంతపు పల్లెలో నలభై ఏళ్ళు వైద్యం చేసినారు. చూర్ణాలు, లేహ్యాలు, కషాయాలు అన్నీ ఇంటిలోనే తయారయ్యేవి. రోగి చేతి నుండి ఆయన డబ్బు అడిగి పుచ్చుకొనగా నేను చూడలేదు. చరక సంహిత ఆయనకు కంఠస్థం.

1963 వేసవిలో మా ఊరికి వాంతులు, విరేచనాల జాడ్యం వచ్చినది. అందరూ కలరా అన్నారు. తెలంగాణలో దీనినే గత్తర అంటారు. అప్పటికి నాకు పదేళ్ళు, మా చెల్లెలికి ఆరేళ్ళు. ఒకనాటి మధ్యాహ్నం చెల్లెలికి విరేచనాలు మొదలైనవి. సాయంకాలానికి బియ్యం కడిగిన నీళ్ళ వలె పోసాగినవి. తాతగారు శొంఠి, వాము, జాజికాయ అరగదీసి నాకించినారు. కడుపులోని దోషం పోయేవరకు లంఘనమే మందు అన్నారు. అన్నము లేదు, పాలు లేవు, నీరు కూడా లేదు.

చెల్లెలు రాత్రంతా ఒకే మాట అన్నది: "అమ్మా, నీళ్ళు". అమ్మ తడిగుడ్డతో పెదవులు తడిపినది. నేను దొంగచాటుగా చెంబుతో నీరు తెచ్చినాను. తాతగారు నా చేతిలోని చెంబు తీసుకొని, "వద్దురా, నీరు పోస్తే పిల్ల దక్కదు" అన్నారు. తెల్లవారకముందే పిల్ల పోయినది. కళ్ళు లోతుకు పోయి, వ్రేళ్ళు ముడుతలు పడి, ఆరేళ్ళ పిల్ల ముసలమ్మ వలె కనిపించినది.

మా తాతగారు నిర్దయులు కారు. ఆ పిల్ల అంటే ఆయనకు ప్రాణం. తాను చదివినదానిని, తన గురువు చెప్పినదానిని నమ్మి ఆ చెంబు తీసుకొన్నారు. ఆ రోగం బిడ్డను ఏ విధంగా చంపుతున్నదో ఆయనకు తెలియదు. ఆ సంగతి తెలియజేసే చిన్న వ్యాసం అప్పటికి నాలుగేళ్ళ క్రిందటనే అచ్చయినది. దానిని వ్రాసినవారు కలకత్తా వైద్య కళాశాలలో పనిచేయుచున్న శంభునాథ్ డే.

కోక్ మిగిల్చిన ప్రశ్న

కలరా మన దేశానికి, ముఖ్యంగా గంగానది ముఖద్వార ప్రాంతానికి పాత శత్రువు. 1817లో బెంగాలు నుండి బయలుదేరి అది దేశదేశాలకు ప్రాకినది. నీటికీ ఈ రోగానికీ గల సంబంధాన్ని 1854లో లండన్ నగరంలో జాన్ స్నో అనే వైద్యుడు చూపినాడు. అదే సంవత్సరం ఇటలీలో ఫిలిప్పో పాచినీ రోగుల ప్రేగులలో వంకర తిరిగిన సూక్ష్మజీవులను చూచినాడు గాని లోకం పట్టించుకొనలేదు. చివరకు జర్మనీ దేశపు రాబర్ట్ కోక్ 1883లో ముందు ఈజిప్టుకు, పిదప కలకత్తాకు వచ్చి, రోగుల మలంలోను, జనం వాడుకొనే చెరువు నీటిలోను ఆ క్రిమిని పట్టుకొని, 1884లో లోకానికి ప్రకటించినాడు.

కారకుడు దొరికినాడు సరే, వాడు మనిషిని ఏ విధంగా చంపుచున్నాడు? క్రిమి ఏదో విషాన్ని విడుచుచున్నదని కోక్ ఊహించినాడు. కాని ఆ విషాన్ని ఆయన చూపలేకపోయినాడు. జంతువులకు సహజంగా కలరా రాదు. కనుక పరీక్షించి చూచుటకు మార్గం దొరకలేదు. ఆ తరువాతి పరిశోధకులు అనేకులు ఆ విషం క్రిమి శరీరంలోనే ఉండి, క్రిమి చచ్చినప్పుడు బయటపడి, రక్తంలో కలిసి దేహమంతటిని పాడుచేయునని నమ్మినారు. ప్రేగు లోపలి పొర ఊడిపోవుట వలననే విరేచనాలు అగునని మరికొందరు తలచినారు. అందుచేత వారు క్రిమిని జంతువుల పొట్ట కుహరంలోనికి ఎక్కించి చూచుచు వచ్చినారు. రోగం ప్రేగులో ఉండగా వెదకినది మరొకచోట. ఈ విధంగా 75 ఏళ్ళు గడచినవి.

గరిబాటి గ్రామపు విద్యార్థి

శంభునాథ్ డే 1915 ఫిబ్రవరి 1న బెంగాలులోని హుగ్లీ జిల్లా గరిబాటి గ్రామంలో, అంతగా కలిమి లేని కుటుంబంలో పుట్టినారు. చదువుకు పినతండ్రి ఆదరవు లభించినది. ఊరి పాఠశాలలోను, హుగ్లీ మొహసీన్ కళాశాలలోను చదివి, కలకత్తా వైద్య కళాశాలలో ప్రవేశించి, 1939లో పట్టం పొందినారు. 1947లో లండన్ వెళ్ళి సర్ రాయ్ కామెరాన్ అనే ప్రసిద్ధ వైద్యశాస్త్రజ్ఞుని వద్ద పరిశోధన చేసి, 1949లో డాక్టరేటు పొంది స్వదేశం చేరినారు. అక్కడ ఆయన పరిశీలించిన విషయాలలో ఊపిరితిత్తులలో నీరు ఊరుట ఒకటి. శరీరంలోని నీరు తన చోటు విడిచి ఎందుకు ఊరుచున్నది అన్న ఆలోచన అప్పటికే ఆయన మనస్సులో ఉన్నదన్న మాట.

తిరిగి వచ్చిన పిమ్మట నీలరతన్ సర్కార్ వైద్య కళాశాలలోను, 1955 నుండి కలకత్తా వైద్య కళాశాలలోను పనిచేసినారు. ఏటేటా కలరా రోగులు బారులు తీరే నగరమది. ఆయన మనస్సును పట్టిన ప్రశ్న చిన్నది: క్రిమి ప్రేగులో ఉన్నది, నీరు ప్రేగులోనికే పోవుచున్నది. అటువంటప్పుడు ప్రేగులోనే ఎందుకు వెదకరాదు?

కుందేలు ప్రేగు చెప్పిన సాక్ష్యం

1953లో డే గారు, ఆయన సహచరుడు డి.ఎన్. చటర్జీ కలిసి ఒక ప్రయోగాన్ని ప్రకటించినారు. మత్తు ఇచ్చిన కుందేలు చిన్న ప్రేగులో కొంత భాగాన్ని రెండు చివరలా దారంతో కట్టివేసినారు. ఆ కట్టిన సంచి వంటి భాగంలోనికి కలరా క్రిములున్న ద్రవాన్ని సూదితో ఎక్కించినారు. ప్రక్కనే ఇటువంటి మరొక భాగాన్ని కట్టి, క్రిములు లేని ద్రవాన్ని ఎక్కించినారు. మరునాడు తెరచి చూడగా క్రిములున్న భాగం బియ్యం కడిగిన నీళ్ళ వంటి ద్రవంతో ఉబ్బి ఉన్నది. ప్రక్క భాగం ఖాళీగా ఉన్నది. కలరా రోగి ప్రేగులో జరిగే సంగతి కళ్ళ ఎదుట కనబడినది.

ఈ పనికి కావలసినవి ఒక కుందేలు, కొంచెం దారం, ఒక సూది, జాగ్రత్త గల చేతులు. ఖరీదైన యంత్రమేదియు లేదు. ప్రశ్న సరియైన చోట అడుగుటలోనే ఆయన గొప్పతనమంతా ఉన్నది.

అంతటితో ఆయన ఆగలేదు. నీరు లాగుచున్నది క్రిమియా, లేక క్రిమి విడిచిన విషమా? దీనిని తేల్చుటకు క్రిములు పెరిగిన ద్రవాన్ని వడపోసి, అందులో ఒక్క క్రిమి కూడా లేకుండా చేసి, ఆ తేట నీటిని మాత్రమే కట్టిన ప్రేగులోనికి ఎక్కించినారు. ప్రేగు మరల నీటితో నిండినది! క్రిమి లేదు, దాని విషం ఉన్నది, రోగం వచ్చినది. కోక్ ఊహించిన విషం 75 ఏళ్ళకు దొరికినది. ఈ ఫలితం 1959 మే మాసంలో నేచర్ పత్రికలో వెలువడినది. అదే సంవత్సరం బొంబాయి హాఫ్కిన్ సంస్థలో ఎన్.కె. దత్తా బృందం కుందేలు కూనలపై చేసిన ప్రయోగాలతో ఇటువంటి నిర్ణయానికే వచ్చినది. 1960లో బ్యాంకాకులో రోగుల ప్రేగు పొర ముక్కలను తీసి చూచినవారు ఆ పొర ఊడిపోలేదనియు, చెక్కుచెదరక ఉన్నదనియు తేల్చినారు. 1969లో అమెరికాలో ఫింకెల్‌స్టీన్, లోస్పలూటో ఆ విషాన్ని శుద్ధి చేసి వేరు చేసినారు.

దీని అర్థమేమి? కలరా ప్రేగును చీల్చదు, కాల్చదు. దాని విషం ప్రేగు పొరలోని కణాలకు అంటుకొని, కుళాయిని విప్పి వదలినట్లు ఉప్పును, నీటిని లోపలికి పారించును. తీవ్రమైన కలరాలో పెద్దవారికి గంటకు ఒక లీటరు వరకు నీరు పోవచ్చును. రోగి చనిపోవునది ఒడలిలోని నీరు, ఉప్పు ఇంకిపోవుట చేతనే. నా చెల్లెలి ముఖం ముసలమ్మ ముఖం వలె ఎందుకు మారినదో ఈ వాక్యం చదివిన నాడు నాకు తెలిసినది.

ఎండినవానికి నీరు

ప్రేగు పొర చెక్కుచెదరలేదంటే దానికి పీల్చుకొనే శక్తి ఇంకను ఉన్నదన్న మాట. ఉప్పు, చక్కెర కలిసి వచ్చినప్పుడు ప్రేగు వాటిని జంటగా లోనికి తీసుకొనునని, వాటి వెంట నీరు పోవునని 1960 తరువాత జరిగిన పరిశోధనలు తేల్చినవి. కలరా విషం ఒక ద్వారాన్ని తెరచినను, ఈ రెండవ ద్వారాన్ని మూయలేదు. 1968లో ఢాకాలో నాలిన్, క్యాష్ అనే వైద్యులు కలరా రోగులకు నోటి ద్వారా ఈ ద్రవాన్ని ఇచ్చి ఫలితం చూపినారు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయాన లక్షలాది శరణార్థులు సరిహద్దు దాటి వచ్చినారు. బనగాఁవ్ ఆసుపత్రిలో కలరా రోగులు నేల మీద పడి ఉండగా, నరాలలోనికి ఎక్కించే సెలైన్ నిండుకొన్నది. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఒక లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున పొట్లాలు కట్టించి, రోగుల బంధువుల చేతనే త్రాగించినారు. నూటికి సుమారు 30 వరకు ఉండిన మరణాలు అక్కడ 4 కంటె తక్కువకు దిగినవి. తల్లులు, చెల్లెళ్ళు, భర్తలు గరిటెలు పట్టుకొని ప్రాణాలు నిలిపినారు. దీనికంటె గొప్ప గృహవైద్యం నాకు తెలియదు. ఆ మహలనబిస్ గారు 2022లో కాలధర్మం చెందగా, 2023లో ప్రభుత్వం ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించినది.

ఉప్పు, చక్కెర నీటిని డే గారు కనిపెట్టినారని నేను చెప్పుట లేదు. అది పలువురి కృషి ఫలం. రోగం ఎచ్చట ఉన్నదో, ఏమి చేయుచున్నదో ఆయన చూపినారు. తక్కిన వైద్యమంతా దానితో పొందుపడి నిలిచినది.

మన పత్రిక పాఠకులకు ఆసక్తి కలిగించే ముచ్చట ఒకటి కలదు. డే గారి కుందేలు ప్రయోగం వెలువడిన 1953లోనే కలకత్తాలో హేమేంద్రనాథ్ చటర్జీ అనే వైద్యుడు కలరా రోగులకు నోటి ద్వారా ఉప్పు, గ్లూకోజు నీటిని ఇచ్చి లాన్సెట్ పత్రికలో ప్రకటించినారు. దానితో బాటు ఆయన ఒక ఆకు రసాన్ని కూడా వాడినారు. అది మన పెరటి కుండీలలో పెరిగే వామాకు! అయితే ఆయన ఆ నీటిని ఇచ్చినవారిని, ఇవ్వనివారిని ప్రక్కప్రక్కన ఉంచి పోల్చి చూపలేదు. అందుచేత లోకం నమ్మలేదు. మంచి మందు చేతిలో ఉండియు రుజువు లేని కారణాన ఎన్నో ఏళ్ళు మూలపడినది. డే గారు రెండవ ప్రేగు భాగాన్ని కట్టి ఖాళీ ద్రవం ఎందుకు ఎక్కించినారో ఇప్పుడు మనకు తెలియుచున్నది. ఆ ఖాళీ సంచియే ఆయన సాక్షి.

శాస్త్రంలో ఉన్నది గదా అనువారికి

ఇక ఆ గృహిణి అడిగిన ప్రశ్నకు వత్తును. చరక సంహిత విమాన స్థానంలో విసూచికను గూర్చి చెప్పుచు, ముందు లంఘనము, పిదప విరేచనం చేయించుకొన్నవానికి వలె క్రమమైన ఆహారం చెప్పబడినది. ఆ క్రమంలో మొదటిది పల్చని గంజి. సూత్ర స్థానంలో లంఘనం పది విధాలని చెప్పి, దాహాన్ని ఓర్చుకొనుటను కూడ అందులో చేర్చినారు. మా తాతగారు పట్టుకొన్నది ఈ మాటనే. ఆయన శాస్త్రం తెలియక తప్పు చేసినారని నేను అనలేను. శాస్త్రం చెప్పిన పదింటిలో ఈ రోగికి ఏది తగదో తెలిపే పరీక్ష ఆయన చేతిలో లేదు.

అజీర్ణంతో కడుపు బరువెక్కినవానికి ఒక పూట ఉపవాసం మేలే. నేను ఇప్పటికిని చెప్పుచుంటాను. కాని నీరు ఇంకిపోవుచున్న బిడ్డకు దాహలంఘనం మందు కాదు, మృత్యువు. "లంఘనం పరమౌషధం" అన్న సామెతను ఏ రోగం, ఏ రోగి అని చూడకుండా వల్లించుట ఆయుర్వేదం కాదు. దేశాన్ని, కాలాన్ని, బలాన్ని చూచి చికిత్స చేయుమన్నదే ఆయుర్వేదం.

మనలో మరికొందరు వేరొక మాట అందురు. "క్రిములను గూర్చి మన ఋషులకు ఎప్పుడో తెలియును, కోక్ చెప్పినదేమి, డే చెప్పినదేమి?" అని. రక్తంలో పుట్టే క్రిములు కొన్ని కంటికి కనబడనంత సూక్ష్మమైనవని చరకంలో ఉన్నమాట నిజమే. అది గొప్ప ఊహ. నేను దానికి నమస్కరించుచున్నాను. కాని కంటికి కనబడని క్రిమి ఉన్నదనుట వేరు. ఈ క్రిమి, ఈ నీటి నుండి, ఈ ప్రేగులో, ఈ విషంతో, ఇంత నీరు లాగుచున్నదని చూపుట వేరు. మొదటిది చెప్పిన దేశంలోనే రెండవది చూపినవాడు పుట్టినాడు. మొదటిదానికి గర్వించుచు, రెండవవాని పేరైనా ఎరుగకుండుట మనకు గౌరవం కాదు.

గౌరవం దక్కని జీవితం

డే గారు 1973లో పదవీ విరమణ చేసినారు. ఆయన బ్రతికి ఉండగా మన దేశంలో పెద్ద పురస్కారమేదియు ఆయనకు రాలేదు. మన విజ్ఞాన పరిషత్తులు ఆయనను సభ్యునిగా ఎన్నుకొనలేదు. నోబెల్ గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ మాత్రం ఆయన పేరును నోబెల్ పురస్కారానికి ఒకటి కంటె ఎక్కువసార్లు ప్రతిపాదించినారు. 1978లో నోబెల్ సంస్థ కలరాపై జరిపిన సదస్సుకు ఆయనను ఆహ్వానించినది. 1960 తరువాత తాను చనిపోయినవానితో సమానమనియు, ఈ సదస్సువారు తనను గోతిలో నుండి త్రవ్వి తీసినారనియు ఆయన అక్కడ చెప్పుకొన్నారు. 1985 ఏప్రిల్ 15న కన్నుమూసినారు. అయిదేళ్ళ తరువాత 1990లో బెంగుళూరు నుండి వెలువడే కరెంట్ సైన్స్ పత్రిక ఆయన స్మృతికి ప్రత్యేక సంచిక తెచ్చినది.

ఆయనకు మనం చేయగల గౌరవం శిలావిగ్రహం కాదు. ఆయన వలె అడుగుట నేర్చుకొనుట. ఒక చిట్కా వినగానే "ఇది ఏమి చేయును? ఎచ్చట చేయును? ఇది వాడనివారికి ఏమైనది?" అని అడుగుట. ఉల్లిరసంతో కలరా తగ్గునని, దానిమ్మ పెచ్చుతో విరేచనాలు కట్టునని చెప్పేవారిని ఈ ప్రశ్నలు అడగవలెను. జాజికాయ అరగదీయుటకు పట్టే సమయంలో బిడ్డ ఒంటి నుండి ఎంత నీరు పోవునో లెక్కించవలెను. నా చిట్కాలను గూర్చి కూడ ఇవే ప్రశ్నలు అడుగుడని పాఠకులను కోరుచున్నాను.

ఇంటిలో చేయవలసినది

వాంతులు, విరేచనాలు మొదలైన వెంటనే నీరు పట్టవలెను. మందుల దుకాణంలో దొరికే ఓ.ఆర్.ఎస్. పొట్లం శ్రేష్ఠం. పొట్లంపై ఎంత నీరు వ్రాసి ఉన్నదో అంతే నీటిలో, మొత్తం పొట్లాన్ని ఒకేసారి కలుపవలెను. సగం పొట్లం, అరగ్లాసు నీరు అనే లెక్కలు ప్రమాదం.

పొట్లం దొరకనప్పుడు ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలుపవలెను. చెంచా అనగా 5 మిల్లీలీటర్ల చిన్న చెంచా, తలకొట్టిన కొలత. కలిపిన నీరు కన్నీటి కంటె ఉప్పగా ఉండరాదు. 24 గంటలు దాటిన నీటిని పారబోసి క్రొత్తగా కలుపుకొనవలెను.

రెండేళ్ళ లోపు పిల్లలకు విరేచనం అయిన ప్రతిసారి పావు కప్పు నుండి అర కప్పు, అంతకు పెద్ద పిల్లలకు అర కప్పు నుండి ఒక కప్పు వరకు త్రాగించవలెను. వాంతి అయినచో పది నిమిషాలు ఆగి, చెంచాతో మెల్లగా మరల మొదలుపెట్టవలెను. చనుపాలు ఆపరాదు. ఉప్పు వేసిన పల్చని గంజి, మజ్జిగ ఇవ్వవచ్చును. మన పెద్దలు ఎరిగిన ఈ ఆహారాలు ఇక్కడ నిజంగా ఉపకరించును. పిల్లలకు జింకు మందు 10 నుండి 14 రోజులు ఇచ్చుట మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మోతాదు వైద్యుని అడిగి తెలుసుకొనవలెను.

తీపి శీతల పానీయాలు, పండ్లరసాల డబ్బాలు వద్దు. వాటిలోని అధిక చక్కెర విరేచనాలను పెంచును. ఓ.ఆర్.ఎస్. పేరు పెట్టుకొని తీపి పానీయాలను అమ్ముటపై హైదరాబాదుకు చెందిన ఒక శిశువైద్యురాలు ఏళ్ళ తరబడి పోరాడినారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపోని పానీయాలకు ఆ పేరు వాడరాదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశించినది. కొనే ముందు పెట్టెపై చదివి చూడుడు.

బిడ్డ కళ్ళు లోతుకు పోయినను, ఆరు గంటలుగా మూత్రం రాకున్నను, మత్తుగా పడి ఉన్నను, త్రాగలేకున్నను, మలంలో రక్తం కనబడినను, బియ్యం కడిగిన నీళ్ళ వంటి విరేచనాలు ధారగా పోవుచున్నను ఏ చిట్కా కొరకు ఆగరాదు. దారి పొడవునా చెంచాతో ఆ నీటిని పోయుచునే ఆసుపత్రికి చేర్చవలెను. సకాలంలో చికిత్స అందినచో కలరా రోగులలో నూటికి ఒక్కరు కూడ చనిపోరు.

మా తాతగారు ఆ రాత్రి తరువాత మరి పదకొండేళ్ళు బ్రతికినారు. విరేచనాల రోగి వచ్చినప్పుడు మాత్రం ఆయన తానుగా చూడక పట్నం ఆసుపత్రికి పంపివేసేవారు. కారణం ఎవ్వరికీ చెప్పలేదు. శంభునాథ్ డే పేరు ఆయన చెవిని పడలేదు. పడి ఉన్నచో ఆ చెంబును నా చేతి నుండి తీసుకొని, తానే పిల్ల నోటికి అందించి ఉండేవారని నా నమ్మకం.

ఉత్తరం వ్రాసిన సోదరికి నా విన్నపం ఒక్కటే. అత్తగారితో వాదించవద్దు. ఆవిడ చెప్పినది ప్రేమతోనే చెప్పినారు. ఈ పుట ఆవిడకు చదివి వినిపించుడు. ఈసారి ఆ చెంచాను ఆవిడ చేతికే ఇవ్వుడు.